అన్నం తిన్నారా సారూ?

పావగడ తాలూకాలో ఇక ఎవరికీ ఏ సందేహమూ లేదని ప్రకటించడానికి ఎంతో సంతోషిస్తున్నాము. మొన్నటిదాకా ఉండేవి. నీళ్ళ గురించి, కరెంటు గురించి, చేల గురించి, చివరికి చావు గురించి కూడా జనానికి సందేహాలుండేవి. ఇప్పుడు మా తాలూకా ప్రశ్నోత్తర వెబ్‌సైటు ‘సూర్య సంవాద’ తెరిచి చూడండి. కడిగి బోర్లించిన పళ్ళెంలాగా తళతళలాడుతూ ఉంటుంది. వెతికినా జనం ప్రశ్న ఒక్కటి దొరకదు. దొరికితే మమ్మల్ని అడగండి. అడగడానికి చోటు లేదనుకోండి, అది వేరే మాట.

ఈ ఘనత ఊరికే రాలేదు. తిరుమణి చుట్టుపక్కల సోలార్ పార్కు వచ్చిన సంగతి తమకు తెలిసిందే. వేరుశెనగ ఎండిపోయే నేలలో ఎండనే పండించుకోవచ్చని పెద్దలు కనిపెట్టారు. రైతులు చేలను గుత్తకిచ్చారు. మొక్కలు పోయి పలకలొచ్చాయి, గట్లు పోయి కంచెలొచ్చాయి. అలవాటు లేని కంచెలు కదా, జనానికి అనుమానాలు పుట్టాయి. అనుమానం పుట్టినవాళ్ళంతా ఆఫీసులకు రావడం మొదలుపెట్టారు. జనం ఆఫీసుకొస్తే కుర్చీ వెయ్యాలి, మంచినీళ్ళియ్యాలి, అన్నిటికంటే కష్టమైన పని, మొహం చూడాలి. ఈ ఇబ్బందులన్నీ గమనించిన ఒక పుణ్యాత్ముడు, అడిగేదేదో ఫోన్లో అడగమంటే పోలా అన్నాడు. అలా పుట్టింది సూర్య సంవాద.

దాన్ని నడపడానికి ఒక సమితి ఏర్పడింది. అధ్యక్షులు నాగరాజ మాస్టారు. కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైన మహానుభావులు. ఆయన క్లాసులో ముప్పై ఏళ్ళపాటు ఎవరూ ప్రశ్న అడగలేదని చెప్పుకుంటారు, అందుకే ఈ పదవికి ఆయన పేరు తప్ప ఇంకో పేరు రాలేదు. కార్యదర్శి శివరాజు. బస్టాండు ఎదురుగా జెరాక్సు అంగడి ఉంది, అంగడి మీద ఒక గది ఉంది, గదిలో ఒక కంప్యూటరు ఉంది. అర్హతలు చాలినన్ని ఉన్నాయి కనుక ఆయన్ను పెట్టుకున్నారు. మిగతా సభ్యులు కొందరున్నారు. వాళ్ళు ఫోటోలప్పుడు వస్తారు.

వేదిక ప్రారంభమైన రోజు మొదటి ప్రశ్న సమితే అడిగింది: ‘సౌర విద్యుత్తు అనగానేమి?’ జవాబు కూడా సమితే ఇచ్చింది. ఆ జవాబు బాగుందని సమితి సభ్యులందరూ బొటనవేలు పైకెత్తిన బొమ్మ నొక్కారు. ప్రశ్న ఇలా ఉండాలి, జవాబు అలా ఉండాలి అని నాగరాజ మాస్టారు జనానికి చూపించారు. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ జనం కూడా అడగడం మొదలుపెట్టారు.

మా తాలూకా జనానికి ఒక పెద్ద జబ్బుంది. సూటిగా అడగడం చేతకాదు. తన ఇంటికి నిప్పంటుకుందని పక్కింటివాడికి చెప్పడానికి పోయినా సరే, ముందు ‘అన్నం తిన్నారా’ అంటారు. తర్వాత ‘మీ చేను పక్క వాన పడిందా’ అంటారు. పిల్లలు బాగున్నారా, గొర్రెలు బాగున్నాయా అని అడిగి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, లేచి, గడప దాటబోతూ ‘ఇంగేం లేదప్పా, మా ఇంటికి నిప్పంటుకునింది’ అంటారు. గడప దగ్గర చెప్పిందే అసలు మాట అని ఇక్కడ పుట్టిన పసిబిడ్డకు కూడా తెలుసు. రాగానే పని మాట ఎత్తేది పోలీసులు, బ్యాంకులవాళ్ళు మాత్రమే. నలుగురిలో పరువుగా బతికేవాళ్ళెవరూ అలా చెయ్యరు.

ఈ మర్యాదనంతా జనం ఫోన్లోకి ఎక్కించారు. వెబ్‌సైటేమో ఎవరేం రాసినా మొదటి వరుసను తీసుకుని శీర్షికగా పెట్టుకుంటుంది. దానికి మరి మర్యాద తెలియదు. సమితి ఆ శీర్షిక చూసి, సౌర విద్యుత్తుకు సంబంధించినదైతే ఉంచుతుంది, లేకపోతే ‘విషయాంతరం’ అని ముద్ర వేసి మూసేస్తుంది. అంతే నియమం. ఎవరికైనా అర్థమవుతుంది.

నిడుగల్లు వైపు ఒక రైతు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని రాశాడు. శీర్షిక ‘మీ పక్క వాన పడిందా సారూ?’ అని వచ్చింది. వాతావరణం అని మూసేశారు. ఇంకొకాయన కంచె అవతలి నుంచి కరెంటు తీగ తెగి బాటమీద పడిందని రాశాడు. శీర్షిక ‘పిల్లోళ్ళంతా బాగుండారా?’ కుటుంబ సంక్షేమం అని మూసేశారు. పాపం ఆయన మళ్ళీ అడిగాడు. మూసిన ప్రశ్నకు ఇది నకలు అని రెండోది కూడా మూసేశారు. మూడోసారి అడిగితే, ఓపిక లేనివాళ్ళకు వేదికలో స్థానం లేదని ఆయన్నే మూసేశారు. తర్వాత ఆ తీగ తొక్కి ఒక మేక చనిపోయింది, తీగలో కరెంటు ఉన్నదీ లేనిదీ ఊరందరికీ తెలిసిపోయింది. ప్రశ్నలు వాటంతటవే పరిష్కారమవుతాయని సమితి ఎప్పుడూ చెప్పేదే.

మధ్యలో ఎవరో బుద్ధిమంతుడు, ఆ పలకరింపులు తీసేసి కింద ఉన్న మాటను పైకి తెస్తే సరిపోతుంది కదా అని సూచించాడు. ఒకరి మాటను ఇంకొకరు ముట్టుకోవడం భావస్వాతంత్ర్యానికి భంగమని నాగరాజ మాస్టారు మండిపడ్డారు. ముట్టుకోకూడదు, మూసెయ్యవచ్చు. ఆ సందర్భంలో ఆయన చేసిన ప్రసంగం చరిత్రలో నిలిచిపోవలసినది.

“మహాజనులారా! ప్రశ్నకు ముఖం శీర్షిక. మనిషిని ముఖం చూసి గుర్తుపడతామా, పొట్ట కోసి గుర్తుపడతామా? ప్రశ్న లోపలికి వెళితే అడిగినవాడి మీద జాలి పుడుతుంది. జాలి పుట్టిన చోట న్యాయం నిలవదు. కాబట్టి మన సమితి ఇంతవరకు ఏ ప్రశ్ననూ చదవలేదు, ఇకముందు కూడా చదవదని హామీ ఇస్తున్నాను. ఇదే మన నిష్పక్షపాతం!”

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఫోటోల సభ్యులు కూడా ఆ రోజు వచ్చారు.

ఇక రంగక్క విషయానికి వద్దాం. తిరుమణి దగ్గరి ఊరు ఆమెది. భర్త చిక్కన్న పోయి చాలా కాలమైంది. బతికినన్నాళ్ళూ చేను వదలని మనిషి, పోయాక కూడా చేన్లోనే పెట్టమన్నాడు, ఈశాన్యం మూలన పూడ్చి ఒక రాయి నిలబెట్టారు. తర్వాత కొడుకులు చేను గుత్తకిచ్చారు. కంపెనీవాళ్ళు మంచివాళ్ళే, రాయిని కదిలించలేదు. దాని చుట్టూ పలకలు పెట్టుకున్నారు, పలకల చుట్టూ కంచె వేసుకున్నారు. చిక్కన్న లోపల ఉన్నాడు, రంగక్క బయట ఉంది. సంవత్సరమంతా దానికేం ఇబ్బంది లేదు. పెద్దల అమావాస్య ఒక్కరోజే ఇబ్బంది.

పోయినవాళ్ళకు ఆ రోజు ఎడ పెట్టాలి. అంటే వాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి, సమాధి ముందుంచి, పెట్టినవాళ్ళు పక్కకు తప్పుకోవాలి. తినేటప్పుడు ఎవరూ చూడకూడదు. పెద్దలొచ్చి తినిపోతారు. విస్తరి ఎవరైనా ముట్టినట్టు కనబడితే, కాకి ముట్టినా సరే, పెద్దలు తిన్నట్టే లెక్క. అంతవరకు ఇంట్లో పిల్లాపెద్దా ఎవరూ మెతుకు నోట పెట్టరు. ఇది మా వైపు ఆచారం. చిక్కన్న విషయంలో ఆచారం ఒకటే కాదు. “మీ మామ ఆకలికి ఓర్చే మనిషి గాదు పాపా. సంగటి రొంత ఆలస్యమైతే చెంబు ఎత్తి కొట్టేటోడు. ఏడాదికి ఒగపూట పెడతాండా, అది గూడా తప్పితే ఎట్ల?” అని రంగక్క కోడలు అర్పితతో అనేది. అంటూ కళ్ళు ఒత్తుకునేది.

పార్కుకు గేట్లు చాలా ఉన్నాయి. ఏ గేటు ఎప్పుడు తెరుస్తారో, ఏ కాంట్రాక్టరు చేతిలో ఉంటుందో ఏటికేడు మారిపోతుంది. కంచె వెంట నడిచి వెతుక్కుందామంటే ఆ కంచె ఊళ్ళు దాటి పోతుంది. అందుకని అర్పిత ఫోన్ పట్టుకుంది, అత్త చెబుతుంటే రాసింది:

‘అన్నం తిన్నారా సారూ? మీ పక్క వానలు బాగా పడినాయా? అందరూ బాగుండారు కదా. మేం బాగుండాం. ఇంగేం లేదు సారూ, మా ఆయన్ని మా చేన్లోనే పెట్టినాం. ఇప్పుడు కంచె ఏసినారు. అమావాస్యకు ఎడ పెట్టల్ల. యా గేటులో పోవల్ల సారూ?’

సమితి వెంటనే స్పందించింది. ‘ఈ ప్రశ్న ఆహారమునకు సంబంధించినది. ఈ వేదిక సౌర విద్యుత్తునకు సంబంధించినది. కావున విషయాంతరముగా మూసివేయడమైనది. తమ సహకారమునకు ధన్యవాదములు.’

అయితే వెబ్‌సైటు కట్టినవాడు ఒక పొరపాటు చేశాడు. ప్రశ్న మూసినందుకు జనం సమితికి కృతజ్ఞతలు చెప్పుకుంటారేమోనని, మూసిన ప్రతి ప్రశ్న కిందా చిన్న గడి ఒకటి వదిలాడు. పార్కులో గేటు కాపలా ఉండే తిప్పేశ్ అనేవాడు ఆ గడిలో దూరాడు. డ్యూటీకి ఎక్కితే ఫోన్ ఇచ్చెయ్యాలి కనుక తెల్లవారగానే రాశాడు: ‘తిన్నానక్కా, నువ్వు తింటివా? మీ ఊర్లో రొంత వాన పడిందంటనే, మంచిదే. ఇంగేం లేదక్కా, ఈసారి పంపుహౌసు పక్క గేటు తీస్తారు. నేనే ఆడ ఉంటా. రా.’

రంగక్క పోయింది, ఎడ పెట్టింది, కాకి ముట్టింది, ఇంటికొచ్చి అన్నం తిన్నారు. మరుసటేడు గేటు మారింది. అర్పిత అదే గడిలో మళ్ళీ అన్నం తిన్నారా అంది. తిప్పేశ్ మళ్ళీ తిన్నానన్నాడు, మళ్ళీ గేటు చెప్పాడు. ఒకరి నంబరు ఒకరి దగ్గర లేదు. పేజీ ఉండగా నంబరెందుకని ఎవరూ అడగలేదు.

ఇలా ఒకరికొకరు అన్నం అడుగుతూ ఉంటే చూసినవాళ్ళు ఊరుకుంటారా? చేన్లో తల్లిని పెట్టినవాళ్ళు, తండ్రిని పెట్టినవాళ్ళు, అందరూ ఆ గడిలోకి వచ్చారు. తర్వాత బతికున్నవాళ్ళ పనులు కూడా మొదలయ్యాయి. పలకలు కడిగే ఆడవాళ్ళు రేపు బండి ఎన్ని గంటలకొస్తుందో అందులోనే కనుక్కునేవారు. పలకల కింద గడ్డి మొలిచింది, గొర్రెలు తోలుకోవచ్చా అని ఒకాయన అడిగితే, లోపలివాళ్ళు కనుక్కుని చెప్పారు. ప్రతివాడూ ముందు అన్నం తిన్నారా అన్నాడు, ప్రతివాడూ తిన్నామన్నాడు, ఆ తర్వాత అసలు సంగతి చెప్పుకున్నారు. తాలూకాలో ప్రశ్నకు జవాబు దొరికే చోటు అదొక్కటే. మూసిన ప్రశ్న కాబట్టి సమితి అటు చూడలేదు. అదొక్కటే దాని అదృష్టం.

నిరుడు ఒక దుర్వార్త, క్షమించాలి, శుభవార్త వచ్చింది. వేదికలన్నిటికీ పోటీ పెట్టి, అత్యంత పరిశుభ్రంగా ఉన్నదానికి స్వచ్ఛ సంవాద పురస్కారం ఇస్తారట. బెంగళూరు నుంచి న్యాయనిర్ణేతలు వచ్చి చూస్తారట. నాగరాజ మాస్టారు అత్యవసర సమావేశం పెట్టారు.

“మూసిన ప్రశ్న కూడా ప్రశ్నే కదా! తలుపు మూసినంత మాత్రాన ఇంట్లో చెత్త పోతుందా? పాత విషయాంతరాలన్నిటినీ కూకటివేళ్ళతో పెరికి పారెయ్యాలి. వేదికను చూసిన న్యాయనిర్ణేతలకు, ఇక్కడి ప్రజలు తృప్తిగా ఉన్నారు, అడగడానికేమీ లేక మౌనంగా ఉన్నారు అనిపించాలి!”

పని ఉద్యమంలా సాగింది. ప్రశ్నలు తుడిచినవాళ్ళకు పొరక బొమ్మ వేసిన బిళ్ళలు ఇచ్చారు. కొన్ని తుడిస్తే ఇనుప పొరక, ఇంకాసిని తుడిస్తే రాగి పొరక, ఆపైన వెండి. శివరాజు బంగారు పొరక దాకా పోయాడు. ఆ బిళ్ళ చొక్కాకు పెట్టుకుని టీ అంగడికి పోతే, ఎవరేం అడగబోయినా ఆయన వేలు తెలియకుండా తుడిచినట్టు ఆడేదని చూసినవాళ్ళు చెబుతారు. బావి పూడిక ప్రశ్న పోయింది. బోరునీళ్ళు తాగి పిల్లల పళ్ళు పసుపుపచ్చగా మారుతున్నాయన్న ప్రశ్న పోయింది. బస్సు రాని ఊరి ప్రశ్న, ఆ ఊరికి బస్సు వచ్చిందని సంతోషంగా రాసిన మాట, రెండూ పోయాయి. చివరికి వేదికలో ‘సౌర విద్యుత్తు అనగానేమి’ పక్కన ఒకే ఒక్క పాత ప్రశ్న మిగిలింది.

“సార్, ఈ ఒగటి శానామంది చూస్తాండారు సార్. దినామూ వస్తాండారు. అమావాస్య దగ్గరికొచ్చే కొద్దీ ఇంగా ఎక్కువ అవుతాండాది. ఒగసారి కింద ఏముండాదో చూద్దామా?” అన్నాడు శివరాజు. బంగారు పొరక వచ్చాక కూడా ఆయనలో ఇంత బలహీనత మిగిలి ఉండడం మాకు ఆశ్చర్యం కలిగించింది.

మాస్టారు శీర్షిక చూశారు. అన్నం తిన్నారా సారూ. ఆయన ముఖం ముడుచుకుపోయింది. “సౌర యుగంలో ఉన్నాం శివరాజూ. ఇంతమంది ఇంకా అన్నం దగ్గరే ఆగిపోయారంటే రోగం ముదిరిందన్నమాట. ముదిరినదాన్ని ఆలస్యం చెయ్యకూడదు.”

శివరాజు నొక్కాడు. పోయింది. అమావాస్యకు ముందురోజు సంగతి ఇది.

అమావాస్య పొద్దున రంగక్క తలస్నానం చేసి వంట చేసింది. రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, ఉలవచారు, వడలు, బొబ్బట్లలాంటి ఓళిగలు. చిక్కన్నకు ప్రాణమైన బీడీకట్ట ఒకటి, అగ్గిపెట్టె ఒకటి. అన్నీ గంపలో సర్దుకుని, పైన కొత్త తువ్వాలు కప్పి కోడల్ని పిలిచింది.

“పాపా, తిప్పేశ్ అన్నం తిన్న్యాడేమో చూడు.”

అర్పిత ఫోన్ తీసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. “అత్తా, పేజీ లేదు.”

“లేదంటే?”

“తీసేసినారు. ప్రజల మేలు కోసం తీసేసినామని రాసినారు.”

“యా ప్రజలు?” అంది రంగక్క.

ఇద్దరూ గంప ఎత్తుకుని నడిచారు. మొదటి గేటు దగ్గర కొత్త కాపలావాడు, మాకు ఆర్డర్ లేదు, ఆన్‌లైన్లో అడుగు అన్నాడు. రెండో గేటుకు తాళం. మూడో గేటు దగ్గరికి పోయేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అక్కడ ఉన్నవాడు మంచివాడు, లోపలికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఈ విషయం మీద ప్రశ్నేదీ నమోదై లేదని లోపలివాళ్ళు చెప్పారు. కంచె సందుల్లోంచి చూస్తే పలకలే పలకలు, ఆ పలకల మధ్య ఎక్కడో రాయి ఉండాలి. కనబడలేదు. రంగక్క కంచె పట్టుకుని నిలబడింది. “నీకు ఆకలైతాంటాది కదా మామా,” అంది గట్టిగా. మేనమామనే చేసుకున్న మనిషి, ఆయన్ను చివరిదాకా అలాగే పిలిచింది. అర్పిత మొహం పక్కకు తిప్పుకుంది. ఇంటి దగ్గర పిల్లలు పొద్దున్నుంచి పస్తున్నారు.

“ఆ పేజీ తీసేసినోళ్ళు యాడుంటారు పాపా?” అంది రంగక్క.

“పావగడలో అత్తా. బస్టాండు కాడ.”

“పద ఐతే.”

ఆ మధ్యాహ్నం సమితి కార్యాలయంలో పండగ వాతావరణం ఉంది. సాయంత్రం న్యాయనిర్ణేతలు వస్తున్నారు. సభ్యులందరూ, ఫోటోల సభ్యులతో సహా, ఇస్త్రీ చొక్కాలతో కూర్చున్నారు. అయితే భోజనం రాలేదు. బైలప్ప హోటలుకు ముందే చెప్పి ఉంచారు, ఎన్నిసార్లు చూసినా మెట్లమీద క్యారియర్ల చప్పుడు లేదు. ఫోన్ చేస్తే బైలప్ప నొచ్చుకున్నాడు. ఏర్పాట్లన్నీ పారదర్శకంగా వేదిక ద్వారానే జరగాలని సమితే చెప్పింది కదా, ఎంతమందికి వండాలని తాను వేదికలోనే అడిగాడట. అది విషయాంతరం, ఆహారం, అని తొలగించారట. ఇంకెవరో పెడుతున్నారేమోనని ఆయన పొయ్యి ఆర్పి ఇంటికి పోయాడట. నియమం అందరికీ ఒకటే కనుక మాస్టారు ఏమీ అనలేకపోయారు. పొట్టలు మాత్రం అంటున్నాయి.

సరిగ్గా అప్పుడు గంపతో ఒక ముసలామె గడప దగ్గర నిలబడి, “అన్నం తిన్నారా సారూ?” అంది.

వేదిక పుట్టిన తర్వాత ఈ ప్రశ్నకు సమితి సూటిగా జవాబివ్వడం అదే మొదటిసారి. “లేదమ్మా,” అన్నారు మాస్టారు.

“అయ్యో, ఇంత పొద్దెక్కినా తినలేదా,” అని రంగక్క నిజంగానే బాధపడింది. వాన గురించి అడిగింది. పిల్లల గురించి అడిగింది. ఆ తర్వాత, “ఇంగేం లేదు సారూ. మా ప్రశ్న ఒగటి ఉండె. అది యాడ పోయింది?” అంది.

శివరాజు నేల చూశాడు. మాస్టారు గర్వంగా కంప్యూటరు వైపు చెయ్యి చాపారు. “ఇదిగోమ్మా, ఇందులోనే ఉండేది. పూర్తిగా తొలగించాం. ఇక దాని ఆనవాలు కూడా లేదు.”

“ఈడ్నేనా?” రంగక్క కంప్యూటరు దగ్గరికి పోయి దాన్ని తేరిపార చూసింది. “మా ఆయన కాడికి పోయే దావ ఈడ్నే పూడ్చినారు. నాకు ఇంగో దావ తెలీదు. ఇంగ ఈడ్నే పెట్టల్ల.”

కొంగుతో కంప్యూటరు ముందు బల్ల తుడిచింది. విస్తరి పరిచింది. సంగటి పెట్టింది, ఊరుబిండి వేసింది, ఉలవచారు పోసింది, వడలు, ఓళిగలు వరసగా పెట్టింది. బీడీకట్ట, అగ్గిపెట్టె పక్కనుంచింది. చెంబుతో నీళ్ళు పెట్టి, రెండు ఊదుబత్తులు వెలిగించి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. ఆచారం ప్రకారం వెనక్కి తిరక్కుండా బయటికి నడిచి, తలుపు దగ్గరికి వేసి, కోడలితో కలిసి మెట్లమీద కూర్చుంది. లోపల ఉన్నవాళ్ళు ఉన్నారని ఆమెకు తెలుసు. పొమ్మనడం మర్యాద కాదు కదా.

లోపల సమితి సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ప్రజాభిమానం ఇంత వేడిగా ఉంటుందని ఎవరూ ఊహించలేదు. “చూశారా!” అన్నారు మాస్టారు. “ప్రశ్నను తొలగించినందుకు కృతజ్ఞత చెప్పే గడి తీసేశాం. అయినా ప్రజలు వెతుక్కుంటూ వచ్చి చెబుతున్నారు. మొహమాటపడతామని తలుపు కూడా వేసిపోయింది. ఇది సంస్కారం!” శివరాజు ఏదో చెప్పబోయాడు. ఉలవచారు వాసనకు మాట రాలేదు. చెయ్యి మాత్రం ముందుకు పోయింది. విస్తరి ఒకటే అయినా రంగక్క చెయ్యి పెద్దది, ఏ ఒక్కరికీ తక్కువ కాలేదు. ఫోటోల సభ్యుడొకాయన బీడీ కూడా ముట్టించాడు.

కాసేపటికి రంగక్క దగ్గి, తలుపు తీసింది. విస్తరి ఖాళీ. నీళ్ళ చెంబు ఖాళీ. గదిలో బీడీ పొగ.

“తిన్నారా సారూ?”

“కడుపునిండా తిన్నామమ్మా,” అన్నారు మాస్టారు తేన్చి. “చాలా రుచిగా ఉంది. చల్లగా ఉండు.”

రంగక్క చాలాసేపు ఆ విస్తరినే చూసింది. ముందు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత ఒక్కొక్కరి మొహమూ పరీక్షగా చూసింది, ఏదో పోలిక దొరుకుతుందేమో అన్నట్టు. ఆఖరికి చేతులు జోడించింది.

“అది మా ఆయనకు పెట్టిన ఎడ సారూ. సచ్చినోళ్ళకు పెట్టేది. బతికినోళ్ళు ముట్టరు దాన్ని,” అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. “మీరు తిన్న్యారు. మీరు ఏందో నాకిప్పుడు తెలిసింది. పోనీలే, ఎవురో ఒగ సచ్చినోళ్ళకు చేరింది. పద పాపా, పిల్లోళ్ళు ఆకలిగా ఉంటారు.”

ఆమె గంప ఎత్తుకుని మెట్లు దిగిపోయింది. మాస్టారు తర్కశాస్త్రం ముప్పై ఏళ్ళు చెప్పిన మనిషి, అందులో తప్పెక్కడుందో ఆయనకు వెంటనే దొరకలేదు.

సాయంత్రం పురస్కారం వచ్చింది. రావడంలో వింతేముంది? వేదికలో ఒకే ప్రశ్న, దానికి ఒకే జవాబు. ఇంత పరిశుభ్రత రాష్ట్రంలో ఎక్కడా చూడలేదని న్యాయనిర్ణేతలు రాసిపోయారు. సమితి సభ్యులందరూ కలిసి దిగిన ఫోటో చట్రం కట్టించి, దానికి పూలమాల వేసి, గదిలో గోడకు తగిలించారు. ఆ రోజు తిప్పేశ్ పొద్దున్నుంచి దీపం పెట్టే వేళదాకా ఉత్తరం పక్క గేటు తెరిచి పెట్టుకుని కూర్చున్నాడని, రంగక్క రాలేదేమని పోయేవాళ్ళను వచ్చేవాళ్ళను అడిగాడని తర్వాత తెలిసింది. ఆ గేటు ఇప్పుడు లేదు. ఆయన్నూ ఇంకో చోటికి మార్చారు.

చేలల్లో పెద్దల్ని పెట్టుకున్నవాళ్ళు రంగక్క ఒక్కతే కాదు కదా. మాట ఊళ్ళు తిరిగింది. ఈ ఏడు అమావాస్యకు బస్టాండు ఎదురుగా, జెరాక్సు అంగడి మెట్ల నుంచి టీ అంగడిదాకా, గంపలు ఎత్తుకున్న జనం బారులు తీరారు. ఆఫీసు ఎక్కడని ఎవరూ అడగలేదు. దండ వేసిన ఫోటో మెట్లమీది నుంచే కనబడుతుంది. ఒక్కొక్కరూ లోపలికి పోవడం, విస్తరి వేయడం, తలుపు మూయడం. సమితి సభ్యులు తింటున్నారు. తినకపోతే జనం కదలరు, తింటే పెద్దలైపోతారు. అయినా వార్షిక నివేదికలో దీన్ని ‘అపూర్వ ప్రజాదరణ’ అని రాసుకున్నారు. శివరాజు ఒక్కడే ఆ రోజు అంగడి మూసి ఊరు వదిలిపోయాడంటారు. బంగారు పొరక బల్లమీద పెట్టి పోయాడు.

ఇంతటితో మా ప్రకటన ముగుస్తున్నది. శీర్షిక చూసి, ఇదేదో అన్నం గోలలే అని పక్కన పడేసినవాళ్ళు ఎప్పుడో పడేశారు. మీరు మంచివారు, చివరిదాకా చదివారు. మాస్టారిని చూసి నవ్వుకున్నారు, రంగక్కను చూసి అయ్యో అన్నారు. సంతోషం. కానీ ఆమె అడిగింది నవ్వమనీ కాదు, అయ్యో అనమనీ కాదు. వచ్చే అమావాస్యకు యా గేటులో పోవల్ల అని అడిగింది. ఎవరినైనా కనుక్కుని చెబుదామని మీకూ తోచలేదు, మాకూ తోచలేదు.

పొద్దెక్కింది. ఇంగేం లేదు. అన్నం తిన్నారా?